ఇనస్పెక్టరు ఆగిన చోట

కిందటి నెల మా కోడలూ నేనూ టీవీలో ఒక హత్యకేసు సీరియల్ చూస్తున్నాం. పోలీసు అధికారి వేషం వేసినాయన బల్ల ముందు కూర్చుని, ఎదుటివాణ్ణి ఒక ప్రశ్న అడిగి ఊరుకున్నాడు. కనురెప్ప కూడా ఆడించలేదు. మా కోడలు రిమోటు అందుకుంది.

"టీవీ బిగుసుకుపోయినట్టున్నాది అత్తయ్యా."

"బిగుసుకోలేదు. ఉండు."

ఇంకాసేపటికి ఎదుటివాడు తనంత తానే నోరు విప్పాడు. కోడలు రిమోటు పక్కన పెట్టేసింది. పొయ్యి మీద పాలు పొంగినా లేవలేదు.

అలాంటి నటుణ్ణి నేను అంతకుముందు ఒక్కరినే చూశాను. 1946లో, విజయనగరంలో. ఆయన సినిమాల్లో లేరు, పేరున్న నాటక కంపెనీల్లోనూ లేరు. మున్సిఫ్ కోర్టులో బంట్రోతు. ఆ రోజుల్లో బంట్రోతుని మా ఇంట్లో ఎవరూ "గారు" అనేవారు కాదు. నేను ఇప్పుడు అంటున్నాను. ఆయన గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటూ ఉన్నాను. రోజులూ లెక్కలూ తప్పు రాయడం నాకు గిట్టదు కాబట్టి, అప్పట్లో రాసిన కాగితాలు పక్కన పెట్టుకుని మొదలుపెడుతున్నాను.

మాది బట్టల కొట్టు. వీధి వైపు కొట్టు, వెనక ఇల్లు, పైన మేడ గది. ఆ గదిలో ఊరి నాటక సమాజం వాళ్లు రిహార్సళ్లు చేసుకునేవారు. మా నాన్నకి నాటకాలంటే ప్రాణం. వేషం కట్టే ధైర్యం లేదు కాబట్టి గది ఇచ్చాడు. సమాజానికి కార్యదర్శి ఒక ప్లీడరు గారు. గొప్ప గాత్రం ఆయనది. ఆయన పద్యం ఎత్తుకుంటే జనం "వన్స్ మోర్" అనకుండా ఉండరు, వాళ్లు అనేదాకా ఆయనా రాగం దించరు. ఆ ఏడు పౌరాణికాలు పక్కన పెట్టి, తనే కూర్చుని ఒక నేర నాటకం రాశారు. ఒక భూస్వామి, చనిపోయిన తన తమ్ముడి భార్యని ఆస్తి కోసం బావిలో తోయించి, కాలు జారి పడిందని ఊరిని నమ్మిస్తాడు. ఇనస్పెక్టరు వచ్చి కూపీ లాగుతాడు. ఇంతే కథ. భూస్వామి వేషం ప్లీడరు గారిదే. హంతకుడికి కూడా నాలుగు పద్యాలు పెట్టుకున్నారు.

నాకప్పుడు పదమూడేళ్లు. అంతకు తొమ్మిది నెలల ముందు పెద్దమనిషినయ్యాను, ఆ రోజుతో బడి ఆగిపోయింది. ఇంట్లో అచ్చుకాగితం అంటే పంచాంగం ఒక్కటే. దాన్ని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుండగా నాన్న చూశాడు. మర్నాడు ప్లీడరు గారి నాటకం తెచ్చి నా ముందు పెట్టాడు. కొట్టివేతలూ బాణం గుర్తులూ నిండిన చిత్తుప్రతి అది.

"శుద్ధప్రతి రాసిపెట్టు," అన్నాడు.

యుద్ధం అయిపోయినా కాగితం దొరకని రోజులు. బట్టల తానుల మడతల్లో పెట్టి పంపే పలచటి కాగితాలు ఏరి ఇచ్చాడు నాన్న. ఇరవై రెండు వచ్చాయి. నాటకమంతా వాటిలోనే పట్టాలి. రెండు వైపులా, అంచు వదలకుండా, ఆవగింజంత అక్షరాలతో రాశాను. పట్టింది. అడుగున రెండు వేళ్ల చోటు మిగిలింది కూడా. ప్లీడరు గారు ఆ కాగితాలు అందుకుని, కళ్లజోడు పైకి జరిపారు, కిందికి జరిపారు.

"షావుకారూ, ఇది మీ అమ్మాయి రాసిందా, చీమలు నడిచిపోయాయా?"

ప్రాంప్టింగు చెప్పే గుమస్తా దీపం దగ్గర పెట్టుకుని చూసి చేతులెత్తేశాడు. మళ్లీ రాయడానికి కాగితం లేదు. దాన్ని చదవగలిగేది నేనొక్కదాన్నే. ప్రాంప్టింగు నా చేతికి అలా వచ్చింది. పక్క తెర చాటున కూర్చుని, వేషగాడు మాట మరిచిపోతే మెల్లగా అందించడం ఆ పని.

నాన్న ఊరికే ఒప్పుకోలేదు. మా నాన్నమ్మ నా పక్కనే ఉండాలి. తెర వెనక ఆడపిల్ల ఉన్నట్టు హాల్లో ఎవరికీ తెలియకూడదు.

"ఒక్కడికి తెలిసినా ఆ రోజుతో ఆఖరు. కాగితమూ లేదు, కలమూ లేదు. నాటకాల్లో గొంతెత్తిన ఆడగుంట అని పేరొస్తే నిన్నెవడు సేసుకుంటాడు?" అన్నాడు.

నాకు సంబంధాల భయం లేదు. మళ్లీ పంచాంగం దగ్గరికి వెళ్లాలేమోనన్న భయం మాత్రం చాలా ఉండేది.

ఇనస్పెక్టరు వేషం మొదట ఒక స్కూలు మాస్టారిది. పొడుగు మనిషి. ఆయన కొలతలకి ఖాకీ కోటు కుట్టించారు. ఆట ఇక మూడు వారాలుందనగా ఆయనకి కామెర్లు వచ్చి మంచం పట్టారు. ఇంకో కోటుకి గుడ్డ లేదు. బట్టల కొట్టు మాదే అయినా ఖాకీ మాకూ రావడం లేదు. ఆ కోటు పట్టే మనిషి కోసం ఊరంతా వెతికి, చివరికి ప్లీడరు గారు రోజూ కోర్టు గుమ్మంలో తనకి తలుపు తీసే బంట్రోతుని పట్టుకొచ్చారు.

ఆయనది రామతీర్థం దగ్గర రైతు కుటుంబం. నలభై దాటిన మనిషి. కోర్టు నుంచి తిన్నగా వచ్చారేమో, ఛాతీ మీద కోర్టు ఇత్తడి బిళ్ల ఉన్న పట్టీ అలాగే ఉంది. చెప్పులు కిందే విడిచి, మేడ గదిలో గోడ పక్కన నేల మీద కూర్చున్నారు.

"ఒరే, నువ్వు ఇనస్పెక్టరువిరా. కుర్చీలో కూర్చోవాలి," అన్నారు ప్లీడరు గారు.

"మీ ముందరేటి బాబూ?"

"నా ముందరే. నన్ను అడగాల్సింది నువ్వే."

ఆయన లేచి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. వెనక్కి వాలలేదు, మీసం దువ్వలేదు. వేషానికిచ్చిన టోపీ బల్ల మీద పెట్టి, దాని పక్కన చెయ్యి ఆనించి, కళ్లెత్తారు. అంతే చేశారు. గదిలో మాట్లాడుకుంటున్న ఆరుగురూ మాటలాపేశారు. ప్లీడరు గారు కూడా నిటారుగా నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో ఆయనకే తెలిసి ఉండదు.

కానీ గొంతు విప్పగానే అందరూ నవ్వారు. అంత మెల్లటి గొంతు.

"వెనక బెంచీకి వినపడాలిరా. కోర్టులో పేర్లు పిలిచినప్పుడు బజారు దాకా వినపడుతుందే! ఆ గొంతు ఏమైంది?"

"పగలంతా అరవడమే నా ఉద్యోగం బాబూ. జీతం లేని కాడ కూడా అరవమంటే ఎలగ?"

"జనానికి వినపడకపోతే?"

"వినపడకపోతే ఆళ్లే నోరు మూసుకుంటారు."

ప్లీడరు గారు నుదురు కొట్టుకున్నారు. కోటు గుర్తొచ్చి ఊరుకున్నారు.

మొదటి రిహార్సల్లోనే నాకు ఆయనతో పేచీ వచ్చింది. ఒక ప్రశ్న అడిగి ఆగిపోయారు. మరిచిపోయారనుకుని తర్వాతి మాట అందించాను. ఇంకోచోట ఆగారు, మళ్లీ అందించాను. మూడోసారి నావైపు తిరిగారు.

"మరిసిపోలేదమ్మా. ఆగేను."

"ఎంతసేపు ఆగుతారు?"

"అదేటి, ముందర ఎలగ సెప్పగలను?"

"నాకు లెక్క కావాలి. లేకపోతే ఎప్పుడు అందించాలో ఎలా తెలుస్తుంది?"

ఆయన నవ్వారు. నవ్వినా చప్పుడు లేదు. "అయితే అయిదు లెక్కెట్టుకో," అన్నారు.

ఇనస్పెక్టరుకి ఆ నాటకంలో ఉన్న మాటలు యాభై మూడు. ఆయన ఆగే చోట్లు పదిహేడు. అంచు లేదు కాబట్టి ప్రతి చోటా అక్షరాల మీదే ఎర్రసిరాతో అంకె వేసుకున్నాను. ఎక్కువ చోట్ల అయిదు, రెండు చోట్ల మూడు. రిహార్సళ్లలో ఒక్కసారి కూడా ఆయన అంకె తప్పలేదు. ఎందుకలా ఆగుతారని ఒకరోజు అడిగాను.

"కోర్టులో జడ్జీగారు అరవరమ్మా. అరిసేవోణ్ణి నానే. ఆయన కలం కింద పెట్టి అలగ సూస్తారు. సాక్షి తడిసిపోతాడు. ఇరవయ్యేళ్ల బట్టీ గుమ్మంలో నిల్చుని సూస్తన్నాను కదా."

ఆట ఫాల్గుణ మాసం రెండో శనివారం. కిరసనాయిలు కరువు వల్ల పెట్రోమాక్సు దీపాలు ఎక్కువసేపు వెలిగించలేక, పొద్దు ఉండగానే మొదలుపెట్టారు. ఎడమ వైపు పక్క తెర చాటున ఎత్తుపీట మీద నేను, నా కాళ్ల దగ్గర తమలపాకులు దంచుకుంటూ నాన్నమ్మ. తెర చీలికలోంచి చూస్తే మొదటి వరసలో నాన్న కనిపిస్తున్నాడు. వెనక తెర మీద, మావైపు అంచుకి, బావి బొమ్మ గీశారు. గిలకా తాడూ కూడా వేశారు.

మొదటి రెండు అంకాలూ ప్లీడరు గారివే. మొదటి పద్యానికి రెండు వన్స్ మోర్లు, రెండోదానికీ మూడోదానికీ మూడేసి. మూడో అంకంలో ఇనస్పెక్టరు వచ్చి కూర్చుని టోపీ బల్ల మీద పెట్టారు. నోరు తెరిచేసరికి వెనక బెంచీల నుంచి "గట్టిగా, గట్టిగా" అని అరిచారు. ఆయన గొంతు పెంచలేదు. ఇంకొకడు అరిస్తే పక్కవాడు "ఒరే, నోర్ముయ్యి, ఇననీ" అన్నాడు. నాలుగైదు మాటలయ్యేసరికి హాలంతా ముందుకి వంగింది. చెవి ఒగ్గి వింటున్న మొహాలు తెర చీలికలోంచి నాకు కనిపిస్తూనే ఉన్నాయి. కుర్చీలోంచి లేవకుండా, చెయ్యి కదపకుండా అంతమందిని తన వైపు లాక్కున్నారాయన. ఎదురుగా ప్లీడరు గారు జరీ అంచు పంచెలో అటూ ఇటూ నడుస్తున్నారు. నడిచేకొద్దీ ఆయనే చిన్నగా కనిపిస్తున్నారు.

"ఆ బావి మీద ఎప్పుడూ మూత పలక ఉంటుంది కదా?" అన్నారు ఇనస్పెక్టరు.

"ఉంటుంది," అన్నారు ప్లీడరు గారు.

అక్కడ అయిదు. తర్వాత ఇనస్పెక్టరు "ఆ రోజు పలక ఎవరు తీశారు?" అనాలి. దానికి భూస్వామి నాలుగో పద్యం ఎత్తుకోవాలి.

అయిదు అయింది. ఆరు. ఏడు. ఆయన మాట్లాడలేదు. ప్లీడరు గారి మొహంలోకి అలాగే చూస్తున్నారు. ఎనిమిది. తొమ్మిది. నాన్నమ్మ నా కాలు గిల్లింది.

"మరిసిపోనాడే! అందించు, అందించు."

పది. పదకొండు. ఇన్ని రిహార్సళ్లలో తప్పని మనిషి అంకె దాటాడంటే మరిచిపోయినట్టే కదా! అందించాను.

"ఆ రోజు పలక ఎవరు తీశారు?"

మేడ గదిలో ఎంత గొంతుతో చెప్పేదాన్నో అంతే గొంతుతో చెప్పాను. కానీ మేడ గది కింద వీధి ఉంది, ఎడ్లబళ్లున్నాయి, కొట్టులో బేరాలున్నాయి. ఆ క్షణంలో హాల్లో ఏ చప్పుడూ లేదు. నా గొంతు చివరి బెంచీ దాకా వెళ్లడం నాకే వినిపించింది.

మొదటి వరసలో నాన్న తలెత్తాడు.

ఇక నా పని అయిపోయిందనుకున్నాను. స్టేజీ మీద ఆయన ఆ మాటని మళ్లీ అనలేదు. కంగారు పడలేదు. మెల్లగా తల తిప్పి మావైపు చూశారు. నావైపు కాదు, నా ముందున్న బావి బొమ్మ వైపు. బావిలోంచి ఎవరో అడిగితే విన్నట్టు చూశారు. అంతే మెల్లగా తల మళ్లీ తిప్పి, ప్లీడరు గారి మీద కళ్లు నిలిపి, జవాబు కోసం కూర్చున్నారు.

ప్లీడరు గారు పద్యం కోసం నోరు తెరిచారు. రాగం రాలేదు. రంగు పూసిన మొహం మీద చెమట గీతలు దిగాయి.

"నేను... నేనే తీయించాను," అన్నారు.

ఆ మాట నాటకంలో లేదు. పద్యం పోయింది. వన్స్ మోర్ అనడం కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

ఆట ముగిసేసరికి నా చేతిలో కాగితాలు తడిసి అంటుకుపోయాయి. వేషాలు విప్పే గదికి నాన్న వచ్చాడు. ఆయన వెనకే ప్లీడరు గారు, సగం రంగు తుడుచుకుని.

"నా పద్యం మింగేసింది మీ అమ్మాయి! రెండు నెలలు సాధన చేశాను దానికి!"

నాన్న నాతో ఒక్క మాట అన్నాడు. "లే. ఇంటికి పద."

అప్పుడు బంట్రోతు గారు అడ్డం వచ్చారు. ఖాకీ కోటు విప్పి మడతపెట్టి, మళ్లీ మామూలు చొక్కాలో, చెప్పులు లేకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తప్పు పాపది కాదు షావుకారు బాబూ, నాది. అయిదు లెక్కెట్టుకోమని నానే సెప్పేను. నానే దాటేసినాను. పాప పదకొండు దాకా ఓపిక పట్టింది."

"ఎందుకు దాటావురా?" అన్నారు ప్లీడరు గారు.

"జనం ఊపిరి బిగబట్టేరు బాబూ. వదలబుద్ధి కాలేదు."

రోజూ తెల్లారితే ప్లీడర్లకి తలుపు తీయాల్సిన మనిషి. "గుంట నోరు జారింది" అని ఊరుకుంటే ఆయన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. మెప్పు ఆయనకి ఎలాగూ దక్కింది. పదమూడేళ్ల పిల్ల కోసం ఒక పెద్ద మగవాడు, తన పైవాళ్ల ముందు, తప్పు తనదని చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. ఈ తొంభై ఏళ్ల బతుకులో ఆ తర్వాత మరో రెండుసార్లు విన్నాను.

నాన్న ఏదో అనబోతుండగా పక్కకొట్టు షావుకారు లోపలికి వచ్చాడు. కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

"ఏటండీ ప్లీడరు గారూ, ఆ బావిలో గొంతు! సచ్చిపోయిన మనిషే అడిగినట్టున్నాది. ఎవుర్ని పెట్టేరండీ? గ్రామఫోనేటి?"

ప్లీడరు గారు నాన్న వైపు చూశారు. నాన్న ఆయన వైపు చూశాడు.

"అలాంటిదే," అన్నారు ప్లీడరు గారు.

పక్కకొట్టాయన వెళ్లాక నాన్న తలుపు దగ్గరికి వేశాడు. ఆయన బేరంలో ఎలా ఉంటాడో ఇంట్లోనూ అలాగే. అన్న మాటకి ఇటూ పోడు, అటూ పోడు.

"ఎవడికీ తెలియకూడదన్నాను. తెలియలేదు," అన్నాడు. "కాగితాలు ఆరబెట్టుకో."

నాన్నమ్మ దంచిన తమలపాకు అప్పుడు నోట్లో వేసుకుంది.

ప్లీడరు గారికి పద్యం మీద బెంగ అప్పుడే తగ్గిపోయింది. "వచ్చే నెల శ్రీకాకుళం ఆటలో కూడా ఆ గొంతు పెడదాం. ప్రతి ఆటకీ పెడదాం," అన్నారు.

"వద్దు బాబూ," అన్నారు బంట్రోతు గారు. "దెయ్యం ఒకసారి మాటాడితే బయపడతారు. ఊరూరా మాటాడితే నవ్వుతారు. పాపని మాటాడనీకండి. కూకోనిస్తే సాలు."

వెళ్లేముందు నా దగ్గరికి వచ్చారు. "అమ్మడూ, ఈపాలి అంకెలొద్దు. నా సెయ్యి సూడు. మరిసిపోతే టోపీ మీద ఏలు ఆడిస్తాను. ఆడకపోతే మాట నా కాడే ఉన్నట్టు."

ఆ నాటకం మొత్తం తొమ్మిదిసార్లు ఆడారు. ఆ తర్వాత ఇంకో నాలుగు నాటకాలకి నేనే శుద్ధప్రతి రాశాను, నేనే ప్రాంప్టింగు చెప్పాను. 1949 వేసవిలో పెళ్లయ్యేదాకా ఆ పీట నాదే. నా చదువంతా ఆ పీట మీద సాగిందే. అది నాకు మిగిలిందంటే ఆయన వల్ల. ఈ మాట ఆయనతో చెప్పలేదు. అప్పట్లో మగవాళ్లకి కృతజ్ఞతలు చెప్పడం ఆడపిల్లలకి ఎవరూ నేర్పేవారు కాదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

శ్రీకాకుళం ఆట చైత్రంలో జరిగింది. బొగ్గుతో నడిచే బస్సులో, మొహాల నిండా మసితో వెళ్లాం. అక్కడి జనానికి మా వేషగాళ్లు ఎవరో తెలియదు. బంట్రోతెవరో ప్లీడరెవరో కూడా తెలియదు. మూడో అంకంలో ఇనస్పెక్టరు కూర్చున్నారు, పలక సంగతి అడిగారు, ఆగారు.

నేను కాగితం మీద నుంచి చూపు తీసి ఆయన చేతి వైపు చూశాను. వేళ్లు కదల్లేదు. అక్కణ్ణుంచి మొహం వైపు చూశాను. అంతవరకూ అంకెలు చూసుకుంటూ ఆ మొహం నేను ఎప్పుడూ పూర్తిగా చూడలేదు. కోపం లేదు అందులో. ఎదుటివాడు నిజం చెప్పేస్తే బాగుండునని, వాడికోసమే కనిపెట్టుకుని ఉన్నట్టుంది. నాన్నమ్మ నా కాలి మీద చెయ్యి వేసింది, గిల్లలేదు.

ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి ఒక ముసలామె, ఎవరితోనో ఇంట్లో మాట్లాడినట్టే, భూస్వామితో అంది: "సెప్పీరాదా నాయనా! ఆ బాబు నీ కోసమే కదా కూకున్నాడు. సెప్పీ!"

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఇనస్పెక్టరు కళ్లు తిప్పలేదు. వేలు ఆడలేదు. నేను నోరు మెదపలేదు.

"ఆ రోజు పలక ఎవరు తీశారు?" అని ఆయనే అడిగారు, నాకు కూడా అందీ అందనంత మెల్లగా. ప్లీడరు గారు పద్యం జోలికి పోకుండా జవాబు చెప్పారు. నేను కాగితం తిప్పాను.